రాగి గుండుకు దక్కిన కార్జం

మా ఇంట్లో దుప్పి మాంసం వండిన రోజు ప్రతి ఆకు పక్కనా ఒక చిన్న గిన్నె ఉండేది. పంటికి తగిలిన సీసం గుండు తునకల్ని అందులో వెయ్యాలి. దుప్పిని పడగొట్టినవాళ్ళ ఆకులో కార్జం వేపుడు మొత్తం వడ్డించడం మా తాత పెట్టిన పద్ధతి. నాయన రైఫిల్‌దీ, చిన్నాయన తుపాకిదీ సీసం గుండే కాబట్టి ఎవరు పడగొట్టారో ఎప్పుడూ తేలేది కాదు. గొంతు పెద్దదైనవాళ్ళకే కార్జం. ఆ గొంతు మా చిన్నాయనది.

ఇది డెబ్బైల మొదట్లో మాట. వేటని నిషేధించే చట్టం ఇంకా రాలేదు, అనుమతి తీసుకుని సెంజి కొండల వైపు వెళ్ళేవాళ్ళు. మేముండేది ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊళ్ళో, ఒర్లియంపేటలో. నాయన మిల్లులో టర్నరు, లేతు మిషను మీద లోహం చెక్కే పని. రైఫిల్ మా తాతది, ఫ్రెంచి సైన్యంలో చేసి పెన్షన్‌తో తిరిగొచ్చాక కొనుక్కున్నాడు. ఆయన పోయాక దానికి తూటాలు దొరకడమే గగనమైంది. అంతలో అవ్వ సీసం తునక కొరికి ముందుపన్ను విరగ్గొట్టుకుంది. "మీ వేట పాడుగాను" అని ఆమె వారం రోజులు ఇద్దరు కొడుకులతోనూ మాట్లాడలేదు. ఎవరికీ లొంగని నాయన ఆ పంటికి లొంగాడు. ఇకమీద రాగి గుండే, అదీ నేనే చేస్తాను, రాగైతే తునకలవదు అన్నాడు.

చెయ్యడం చేశాడుగానీ, పరీక్షించడానికి ఆయన కన్ను సహకరించలేదు. కుడికంట్లో పొర మొదలై దూరం మసకగా ఉండేది. చిన్నాయనని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఇక ఇంట్లో మిగిలింది నేను, చదువైపోయి పెళ్ళి సంబంధాల కోసం కూర్చోబెట్టిన ఆడపిల్లని.

మురుంగపాక్కం దాటాక ఏటి గట్టున ఒక సరుగుడు తోపు ఉండేది. తోపుగల ఆసామి నాయనకి స్నేహితుడు. తడి ఇసుక నింపిన గోతాలు వరసగా పేర్చి, వాటి వెనక మట్టికట్ట చూసుకుని, నాయన నేర్పుతుంటే నేను కాల్చాను. మొదటి గుండు గోతానికి గుండ్రని చిల్లు పెట్టలేదు, వేలెడు పొడుగున చీల్చింది. గాలిలోనే అడ్డం తిరిగిందన్నమాట. నాయన మొహం చూడలేకపోయాను. "పొడుగు ఎక్కువైంది, అంతే కదా" అన్నాను, నాకేదో తెలిసినట్టు. మరుసటి ఆదివారం పొట్టిగా చేసుకొచ్చాడు. ఈసారి చిల్లు గుండ్రంగా పడింది. పక్క గోతంలోకి కాల్చిన సీసం గుండు నలిగి తునకలైంది. రాగిది మూడు గోతాలు దాటి మట్టికట్టలో దొరికింది, ముక్క కూడా విరగలేదు. నాయన దాన్ని పంచె కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి రైఫిల్ నాదేనని మనసులో అనుకున్నాను. వేటకి వస్తానన్నాను.

చిన్నాయన నవ్వాడు. "ఏందన్నా ఇది, ఆడపిల్లని అడవికి తోలుకపోతావా? దానికి దోసె తిప్పేదే సరిగా రాదు!"

దోసె విషయం నిజమే. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

అయినా నాయన నన్ను సెంజి కొండలకి తీసుకెళ్ళాడు. తెల్లారగానే ఒక పొద చాటు నుంచి చుక్కల దుప్పి బయటికొచ్చింది. నేనూ, పక్కన బండ మీద చిన్నాయనా ఒకేసారి కాల్చాం. దుప్పి నాలుగడుగులు వేసి కూలబడింది. ఈ జబ్బలో ఒక చిల్లు, ఆ జబ్బలో ఒక చిల్లు, లోపల ఎముక విరిగింది. గుండు మాత్రం లేదు.

"నాది దూరి పోయింది," అన్నాడు చిన్నాయన.

"సీసం ఎముకకి తగిలితే తునకలు లోపలే ఉండాల గదరా," అన్నాడు నాయన.

"ఉంటాయి. ఇంటికాడ చూస్తాం. ఆ జబ్బలు రెండూ నా ఆకులోనే వెయ్యమను వదినని."

మరునాడు మధ్యాహ్నం మగవాళ్ళ పంక్తి కూర్చుంది. మా ఇంట్లో ఆడవాళ్ళం తినేది తర్వాత, మిగిలింది. అమ్మ కార్జం వేపుడు మూతపెట్టి పొయ్యి పక్కన ఉంచింది. నేను నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. చిన్నాయన రెండు జబ్బల మాంసమూ ముందేసుకుని నమలడం మొదలెట్టాడు. ఒక్కో ముక్కా ఆ దవడ నుంచి ఈ దవడకి, ఈ దవడ నుంచి ఆ దవడకి. అన్నం ముట్టలేదు. మిగతావాళ్ళు మజ్జిగ పోసుకుని లేవకుండా కూర్చున్నారు. ఆయన కణతలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వాపుకోలేక చెంబు వొలకబోశాను.

"ఏందిరా, దొరికిందా?" అని అడిగింది అవ్వ, బోసి సందులోంచి.

ఆఖరి ఎముక కూడా చప్పరించి ఆయన గిన్నెలోకి చూశాడు. ఖాళీ. గిన్నెని పక్కకి నెట్టాడు. తర్వాత, "వదినా, ఆ కార్జం తీసుకరా. అన్నకి పెట్టు," అన్నాడు.

అమ్మ గరిటె ఎత్తింది. నాయన రెండు చేతులూ ఆకు మీద బోర్లించాడు.

"నాకొద్దు. గుండు చేసింది నేను. కొట్టింది ఆ పాప."

"దానికి ఆకు యాడుంది?" అంది అమ్మ, పాపం, భయంగానే.

నేను చెంబుతో లోపలికి తిరిగాను. అప్పుడు చిన్నాయన ఎంగిలి చెయ్యి కడుక్కుని, పెరట్లోకి పోయి, ఒక అరటాకు కోసుకొచ్చాడు. నీళ్ళు చల్లి తుడిచి తన ఆకు పక్కనే పరిచాడు. "కూర్చోమ్మా," అన్నాడు. ఆయన నన్ను అమ్మా అనడం అదే మొదలు.

మగవాళ్ళ పంక్తిలో కూర్చున్నాను. అమ్మ వేపుడంతా నా ఆకులో బోర్లించింది. పద్ధతి ప్రకారం పక్కవాళ్ళకి తలా ముక్క పెట్టొచ్చు. నేను ఎవరికీ పెట్టలేదు.