ఆముదం పట్టించిన రోజు

మొన్న మనవళ్ళు టీవీ ముందు కూర్చొని, వయసు మీరిన ఒక క్రికెట్ ఆటగాడు ఇంకా ఆడాలా, మానేయాలా అని కొట్లాడుకుంటున్నారు. పక్కనే నేను మోకాళ్ళకు ఆముదం రాసుకుంటున్నాను. ఆ వాసనకు సూర్యాపేటలో మా పెదనాయన గుర్తొచ్చాడు.

పోలీసు చర్య జరిగిన మరుసటేడు. నాకు ఏడేళ్ళు. పెదనాయన చెడుగుడులో పేరుమోసిన ఆటగాడు. అప్పటికే నలభై దాటాయి. సాయంత్రమైతే మా అరుగు మీద ఇదే తగువు.

"దమ్ము నిలుస్తలేదు. ఇప్పుడే బంద్ జేస్తే ఇజ్జత్ ఉంటది," అనేవాడు మంగలి రామయ్య.

"మా అన్న లేని ఆట ఎవలు సూస్తరు?" అని మా నాయన గయ్యిన లేచేవాడు.

లోపల పెదనాయన అన్నీ వినేవాడు.

కోదాడ జట్టుతో ఆట రోజు, ఎప్పటిలాగే ఆయన మోకాళ్ళకు ఆముదం రాశాను. ఒళ్ళంతా రాస్తే ఎవరికీ దొరకడని తోచి చేతులకూ వీపుకూ కూడా పట్టించాను.

ఆయన మొదటి కూతకు వెళ్ళగానే కోదాడవాళ్ళ పట్టు జారిపోయింది. "తొండి!" అని అరిచారు. పెదనాయన వాదించలేదు. "తప్పు నాదే. ఇగ నేను ఆడ," అని బరి దాటి వచ్చేశాడు. నేను వెక్కివెక్కి ఏడ్చాను.

"ఆముదం గొడవ లేకుంటే ఇంకో పదేండ్లు ఆడేటోడు," అన్నాడు ఆ సాయంత్రం రామయ్యే. ఆ మాటే ఊళ్ళో నిలిచిపోయింది.

నా వల్లే ఆట మానేశాడని ఎన్నేళ్ళు కుమిలానో. కానీ ఆ రోజు నా చెయ్యి అందకపోతే, వద్దనకుండా వీపు వంచింది ఆయనే.