పిడికిట్లో అడుగు మన్ను

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడం నాకు చిన్నప్పటినుంచీ సరదా. ఇప్పటికీ నమ్మను. కానీ చొప్పదండి దగ్గర మా అక్క అత్తగారి మోటబావిలో జరిగింది మాత్రం ఈనాటికీ నాకు కొరుకుడుపడలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. ఎండాకాలం సెలవులు. మా వైపు ఈతగాళ్లలో ఒక పట్టింపు ఉండేది. బావిలో మునిగి, అడుగు మన్ను పిడికిట్లో పట్టుకొచ్చినవాడే మొనగాడు. ఆ బావి మన్ను అంతవరకు ఎవరూ తేలేదు. అక్క మొగుడు మల్లేశం బావకూ నాకూ అదే పంతం. అక్క పెళ్లై అప్పటికి ఏడాది కూడా కాలేదు.

నేను లెక్క చూసుకునే మనిషిని. అరవై లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టగలను. అంటే ముప్పై లోపు అడుగు తగలకపోతే వెనక్కి తిరగాలి. అక్కడిదాకా సరదా, ఆపైన ప్రాణం మీదికే.

పట్టపగలు దూకాను. ఇరవై దాటేసరికి చెవులు పోటెత్తాయి. భయం వేసింది, దాంతోపాటు చెప్పలేనంత సంతోషం కూడా. ముప్పై అయింది. చేతికి నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు. ఇంకాస్త పోదామని మనసు లాగింది, అయినా తిరిగాను.

బావ నన్ను మెట్టు మీదికి లాగి, బిగుసుకుపోయిన నా కుడి పిడికిలి విప్పాడు. నల్లటి మన్ను. అందులో చిన్న నత్తగుల్ల. బావి చుట్టూ రాతికట్టు, ఆ చేనంతా ఎర్రమన్ను.

బావ అంగీ విప్పేశాడు. "ముప్పైకే అందిందా? ఇగ నాకేం ఫికర్!"

"ఆగు బావా. నేను అడుగు తాకలే. నడుమనే మళ్లిన."

"తాకకుంటే గీ మన్ను ఏడికెల్లి అచ్చింది? పేరు నీకొక్కనికే ఉండాల్నా బామ్మర్దీ?"

ఆయన ఊపిరి నలభైకి మించి ఆగదు. మన్నును నమ్మి దిగితే మధ్యలో తిరగడు. నడుం పట్టుకుని వేలాడాను. చివరికి రెండు చేదతాళ్లు ముడేసి, రాయి కట్టి వదిలాం. తాళ్లు అయిపోయాయి. రాయి ఇంకా వేలాడుతూనే ఉంది.

బావ తాడు పైకి లాగి రాయి విప్పేశాడు. "మీ అక్కకు చెప్పకు" అని అంగీ తొడుక్కున్నాడు.

నేను లెక్క తప్పి అడుగు తాకానా అంటే, రాయి ఎందుకు ఆనలేదు? ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు. నత్తగుల్ల నా పెట్టెలోనే ఉంది.

ఈత మానలేదు. నీళ్లలో పిడికిలి మాత్రం మూయను.