లాడ్జి ఎక్కడో, పార్కు ఎక్కడో

మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయాయి. హన్మకొండ చౌరస్తాలోని మా బట్టల దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. ఎండాకాలం సెలవులు కూడా కావడంతో మా ఆయన పదేళ్ల మా కీర్తనకు మాట ఇచ్చాడు. హైదరాబాద్ శివారులోని థీమ్ పార్కుకు తీసుకుపోతానని, రోలర్ కోస్టర్‌లో తన పక్కనే కూర్చుంటానని. పిల్ల ఆ మాట వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

లాడ్జి సంగతి తాను చూసుకుంటానన్నాడు. సరేనన్నాను.

వరంగల్‌లో మధ్యాహ్నం రైలెక్కి సాయంత్రం ఐదింటికి సికింద్రాబాద్‌లో దిగాం. స్టేషన్ బయట ఎక్కిన ఆటో కాసేపట్లోనే మమ్మల్ని టోకు బట్టల బజారులో దించింది. సరుకు కొనడానికి వచ్చినప్పుడల్లా ఆయన దిగే లాడ్జి అక్కడే ఉంది. పార్కు నగరానికి ఆ చివర, మేము ఈ చివర.

"గిక్కడెందుకు దిగినం? పార్కు దిక్కు లాడ్జిలే లేవా?" అన్నాను.

"తెలిసినోళ్లు. వేడినీళ్లు వస్తయి, కింద టిఫిన్ మంచిగుంటది," అన్నాడు.

గది శుభ్రంగానే ఉంది, అద్దె తక్కువే. కిటికీ తీస్తే మాత్రం ఎదురుగా బట్టల మూటలు దించుతున్న ట్రాలీ ఆటోలు. సెలవు మీద వచ్చి కూడా దుకాణం గుమ్మంలోనే పడుకున్నట్టయింది.

పొద్దున ఏడున్నరకు కింద ఇడ్లీ తింటుంటే, మాకు చీరలు పంపే వ్యాపారి చాయ్ కోసం అక్కడికే వచ్చాడు.

"అన్నా, ఎప్పుడొచ్చినవ్? మూఢంల రేట్లు మస్తు దిగినయ్. కొత్త చీరల మాల్ జర చూసిపో."

మా వ్యాపారంలో సరుకు ఇచ్చేవాడు పిలిస్తే కాదనడం ఉండదు. వెళ్లి వాళ్ల దుకాణంలో పరుపు మీద కూర్చోవాలి, చాయ్ తాగాలి, చీరలు విప్పించాలి. విప్పించాక కొనకుండా లేవడం మర్యాద కాదు. అదంతా తెలిసే ఆయన లేచాడు.

"మీరు నడువుండ్రి. గంటల పార్కు కాడుంట. ఫికర్ చెయ్యకుండ్రి."

నాకు ఒళ్లు మండింది. ఆయన కోసం కూర్చుంటే ఆ రోజు గోవిందా అనుకుని పిల్ల చెయ్యి పట్టుకుని బయలుదేరాను.

మెట్రోలో అమీర్‌పేట దగ్గర మారాం. "ఎల్బీనగర్‌ల దిగి బస్సెక్కుండ్రి అక్కా. ఆటోలోళ్లు సంచులు చూసి రేటు చెప్తరు," అంది పక్క సీటామె. ఆమె మాటే విన్నాను. బస్సు కోసం ఎండలో చాలాసేపు నిలబడి, గేటు చేరేసరికి పదకొండు దాటింది. మీరు పోతే ఎల్బీనగర్ వైపే గది తీసుకోండి, సగం పొద్దు మిగులుతుంది. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి ఇంటి నుంచి తెచ్చుకున్న సర్వపిండి రొట్టెలు గేటు ముందే నిలబడి తినేశాం.

నీళ్ల ఆటలన్నీ ఆడింది కీర్తన. రోలర్ కోస్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "డాడీ రానీ" అంది. ఫోన్ చేస్తే "ఇగ వస్తాన" అన్నాడు. మూడింటికి చేస్తే "బిల్లు చేస్తాండ్రు" అన్నాడు. ఇక లైను మూసేస్తామని అక్కడ పనిచేసే అమ్మాయి చెప్పాక పిల్ల పక్కన నేనే ఎక్కాను. అరిచి అరిచి గొంతు పోయింది. దిగాక కూడా పిల్ల గేటు వైపే చూసింది. ఆయన రానే లేదు.

మర్నాడు తిరుగు రైల్లో మా కాళ్ల కింద మూటలు, ఆయన ఒళ్లో ఇంకో మూట. ఎదురుగా ఘన్‌పూర్ పోయే ముసలమ్మ కూర్చుంది. కీర్తన ఆమెకు ఆటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది.

"మరి మీ నాయిన ఎక్కలేదా బిడ్డా?" అడిగింది ముసలమ్మ.

ఆయన తలెత్తాడు. పిల్ల ఒకసారి ఆయన మొహం చూసింది.

"మా డాడీకి పైకెక్కుడంటే భయం అమ్మమ్మా. గందుకే కిందనే నిలవడి మమ్ముల చూసిండు."

దుకాణంలో నిచ్చెన మీద పై అరదాకా రోజూ చకచకా ఎక్కే మనిషి ఆయన. నిన్నటి నుంచి నాలో ఉన్న కోపం ఎటో పోయింది.

"గంత మనిషివి, భయమేంది కొడుకా?" అని నవ్వింది ముసలమ్మ.

ఆయన ఒళ్లోని మూట తీసి కింద పెట్టాడు.

"అవునమ్మా, జర భయమే," అన్నాడు, పిల్ల వైపు చూడలేక.