పండుకు గోంగూర మాన్పించిన సంగతి

మొన్న ఎదురింటి కోడలు తన కుక్కపిల్లను ఎత్తుకొచ్చి, దీనికి ఏం పెట్టమంటారు పెద్దమ్మా అని అడిగితే నాకు మా కుక్క గుర్తొచ్చింది. మా పండు పోయి ఇంకా ఏడాది కాలేదు. ముసలితనంతో పోయింది, నొప్పితో కాదు. అలా పోగలగడం మా గెలుపు, ఆ గెలుపు ఊరికే రాలేదు.

పండును తెచ్చింది మా ఆయన. మాచర్ల నుంచి రాళ్ల లారీ తోలుకొచ్చే మనిషి, ఒకరోజు నరసరావుపేటలో మా ఇంటిముందు అరచేతిలో పట్టేంత తెల్ల బొచ్చుకుక్కతో దిగాడు. గోంగూర పచ్చడీ నెయ్యీ కలిపిన అన్నంలో ఆఖరి ముద్ద దాని నోట్లో పెట్టాకే చెయ్యి కడిగేవాడు. ఆయన పోయాక కూడా ఆ ముద్ద ఆగలేదు. కాకికి పెట్టినట్టే, పండు తింటే ఆయనకు అందుతుందని మా ఆడపడుచు నమ్మింది. పక్క వీధిలోనే కాపురం కనుక రోజూ గిన్నెతో వచ్చేది. ఆమెను చూసి చుట్టుపక్కల వాళ్లు కూడా, గోంగూర నూరిన రోజున ఆయన పేరు చెప్పి తలా ఒక ముద్ద తెచ్చేవాళ్లు. చదివిన పుస్తకాలేవీ ఇవ్వని ఊరట నాకు అందులో దొరికేది.

కొన్నాళ్లకు పండు గోడవారన నిలబడి ఒక్క చుక్క మూత్రం కోసం వణికిపోవడం మొదలైంది. వచ్చిన చుక్కలో నెత్తురు. పశువుల డాక్టరు చూసి, మూత్రాశయంలో రాళ్లున్నాయి, దారి మూసుకుపోతే ప్రాణానికే ముప్పు, గుంటూరు తీసుకెళ్లి ఆపరేషన్ చేయించండి అన్నాడు. గోంగూర, ఉప్పు, నెయ్యి పూర్తిగా మాన్పించకపోతే తీసిన రాళ్లు మళ్లీ వస్తాయని కూడా చెప్పాడు.

"ఏంది వదినా నువ్వనేది? మా అన్న ముద్ద దానికి రాళ్లయిందా? ఆ డాక్టరు గోంగూర తినడా?" అని మా ఆడపడుచు మండిపడింది. నాకు రెండు పక్కలా భయమే. ఆ ముద్ద ఆపితే ఆయన కంచం నా చేత్తో తీసేసినట్టుంటుంది. ఆపకపోతే, లారీ హారన్ వినగానే ఆయనే వచ్చాడనుకుని ఇంకా గేటు దాకా పరుగెత్తే ఆ ఒక్క ప్రాణీ నాకు మిగలదు.

మర్నాడు నేను లోపల ఉండగా ఆమె మళ్లీ ముద్ద పెట్టింది. పండు అది తిని, పెరట్లో నిలబడి ఎంత ముక్కినా చుక్క రాక, మూలుగుతూ వచ్చి ఆమె పాదం మీద తల ఆనించింది. ఆమె గిన్నె అక్కడే పడేసి, "లే వదినా, ఆటో పిలుస్తున్నా" అని కేకేసింది. గుంటూరు దాకా దాన్ని ఒళ్లోంచి దించలేదు.

తీసిన రాళ్లు సీసాలో వేసి చూపించినప్పుడు, "మా అన్న మోసినవి చాలవా, నువ్వు కూడా మొయ్యాలా ఒరేయ్" అంది పండుతో. అప్పట్నుంచి కాపలా ఆమెదే. ఉప్పు లేకుండా ఉడికించిన కోడిమాంసం, సొరకాయ, కాస్త అన్నం, అంతా నీళ్లు పోసి జావలా కలిపి పెట్టేవాళ్లం. పెరట్లో, వరండాలో, మంచం కింద నీళ్ల గిన్నెలే. ఎవరైనా ముద్ద తెస్తే ఆమె గేటు దగ్గరే అడ్డం కూర్చుని, "ఇటియ్యి పిన్నీ, మా అన్న పేరు చెప్పి నేను తింటాలే" అని తినేసేది. ఆ ఏడు పండు ఒళ్లు తగ్గింది, మా ఆడపడుచు చానా లావైంది.

మళ్లీ స్కానింగ్ తీసి డాక్టరు ఒక్క రాయి కూడా లేదన్న రోజు సాయంత్రం, ఆమె రోట్లో గోంగూర నూరి వీధంతా పంచింది, పండుకు తప్ప. ఆయన తద్దినం నాడు పిట్టగోడ మీద ముద్ద పెట్టి, "ఇది నీది అన్నయ్యా. వాడిది వాడికి వేరే వండాం" అంది. నాకు ఆయన పోయాక మొదటిసారి నవ్వొచ్చింది. మళ్లీ ఆ జబ్బు పండు దగ్గరకు రాలేదు.

ఇప్పుడు వీధిలో కుక్కలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి, పండు సంగతి చూశాక ఒకరింటి కుక్కకు మరొకరు ఏమీ పెట్టరు. అది మంచిదే, ఎదురింటి కోడలికీ నేను అదే చెబుతాను. కానీ ఒక ఇంట్లో మనిషి పోతే, ఆ మనిషికి అన్నంలో ఏది ఇష్టమో ఇప్పుడు వీధిలో ఎంతమందికి తెలుసు?