చోటు అడగకూడదు

రానువా ఊళ్ళో సైమి అనుమానం సంగతి తెలియనివాళ్ళు లేరు. పాతికేళ్ళు పోస్టు వ్యాను నడిపిన మనిషి. ఎవరింటికి ఏ కవరు వస్తుందో చూసీ చూసీ, నవ్వుతూ మాట్లాడేవాళ్ళంటేనే నమ్మకం పోయింది పాపం. మొగుడు పోయి పదకొండేళ్ళు. ఇప్పుడామెకి మాటాపలుకూ అంతా ఒక్కచోటే: హిల్ల అనే అడవి పళ్ళు ఏరే పందొమ్మిది మంది నెట్లో పెట్టుకున్న చిన్న గుంపులో. పొద్దున్నే కాఫీ కప్పుతో అక్కడ కూర్చుందంటే, దోమల గురించీ మోకాళ్ళ గురించీ మాటలు సాగి సాగి పొయ్యి మీద గంజి అడుగంటేది.

ఆ గుంపుకి ఒకటే కట్టుబాటు. చోటు చెప్పకూడదు, అడగకూడదు. హిల్ల చిత్తడినేలలో ఎక్కడపడితే అక్కడ కాయదు మరి. కాసే చోటు దొరికితే కన్నకూతురికి కూడా చెప్పరు. సైమి వాళ్ళమ్మ చావుమంచం మీద చెప్పింది, అదీ తలుపు వేయించి, చెవిలో.

అంత గుట్టుగా ఉంచినా అక్కడికి ఇంకెవడో వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళు పెద్ద పెద్ద బూటు గుర్తులు కనిపించేవి, మనిషి మాత్రం కనిపించేవాడు కాదు. "వీడి చేతులు పడిపోను" అని తిట్టుకుంటూ సైమి వాడికంటే ముందే వెళ్ళి తూర్పు పక్కంతా ఊడ్చుకొచ్చేది. మూడేళ్ళుగా ఆ గుర్తుల్లేవు. చచ్చుంటాడనుకుని సంతోషించింది కూడా. అందులో ఆమెకి సిగ్గేం లేదు.

జూన్‌లో 'కాకి' అనే పేరుతో గుంపులో ఒకతను కొత్తగా చేరాడు. మనిషి మహా మర్యాద. గాలి ఎటు నుంచి వీస్తోందండీ? ఎండ మొహాన పడిందా, వీపు మీదా? థర్మాసులో కాఫీ ఎంతసేపు వేడిగా ఉంది? ఇలాంటివే అడిగేవాడు. చోటు అన్న మాట మాత్రం ఎత్తేవాడు కాదు. సైమి ఒకటి రాస్తే అతను పది రాసేవాడు, ఆమె ఒంటరిగా కూర్చుని పకపకా నవ్వేది. నవ్వాక భయం వేసేది. అతివినయం ధూర్త లక్షణమని ఊరికే అన్నారా?

గుంపు చూసుకునే వేయ్కో ఫోన్ చేశాడు. పన్నెండేళ్ళ స్నేహం వాళ్ళది.

"అక్కా, ఆ కాకి గాలీ ఎండా ఎందుకడుగుతున్నాడనుకున్నావ్? టైముతో కలిపి చూస్తే చోటు తేలిపోదూ?"

"తేలుతుంది. నాకూ అదే గుబులు."

"పంపించేద్దాం. అందరూ సరేనన్నారు, నీ మాట ఒక్కటే మిగిలింది. ఆదివారంలోపు చెప్పు."

ఒక్కరు కాదన్నా ఎవర్నీ తీసెయ్యకూడదని వాళ్ళ లెక్క. సైమికి రెండ్రోజులు తిండి సయించలేదు. కాకి దొంగైతే అమ్మ ఇచ్చిన చోటు పోతుంది. కాకపోతే, పొద్దున్నే ఆమెని నవ్వించే ఒక్క మనిషీ పోతాడు. తేల్చుకోవాల్సిందే అనుకుంది.

గుంపులో నోరుజారినట్టు రాసింది: "హౌకి చెరువు ఉత్తరపు గట్టున ఈ ఏడు కాపు బాగుంది." అయిదు నిమిషాలు ఉంచి తుడిచేసింది. ఆ గట్టున కాసేది నాచే.

మర్నాడు పొద్దున్నే అక్కడ చెట్ల చాటున, దోమలకి ఒళ్ళప్పగించి కూర్చుంది. తొమ్మిదింటికి కొమ్మలు కదిలాయి. రెండు బకెట్లు పట్టుకుని ఒకడొచ్చాడు. వేయ్కో.

"ఏం తమ్ముడూ, దారి తప్పావా?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, బకెట్లు వెనక్కి దాచుకున్నాడతను. "చేపలు పడతాయేమోనని వచ్చానక్కా."

"బకెట్లతోనా?"

"అది కాదక్కా. నీ చోటు ఎలా ఉంటుందో చూద్దామని. ఒక్కసారి, అంతే."

"చూశావుగా. నాచు బాగా పండింది, ఏరుకో."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. సైమి పట్టింది కానీ సంతోషం లేదు. ఇంకా పూర్తిగా తేలలేదని సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. కాకి రాలేదు.

ఇంటికొచ్చేసరికి నెట్లో అతని మెసేజ్, ఆమె ఒక్కదానికే.

"సైమిగారూ, హౌకి చెరువు దగ్గర ఏమీ కాయదు. ఎవర్ని పట్టుకుందామని రాశారో గానీ, దొరికారా? ఈ ఏడు వానలెక్కువట కదా. మీ కాలవ మీద చెక్కపలకలు ఇంకా ఆగుతున్నాయా? చూసుకుని అడుగు వెయ్యండి."

ఆ పలకల సంగతి సైమి ఎవరికీ రాయలేదు. అమ్మ చోటుకి వెళ్ళాలంటే దాటే కాలవ మీద ఉన్నాయవి. ముప్ఫై ఏళ్ళు వాటి మీద నడిచింది. వేసిందెవరా అని ఒక్కనాడైనా అనుకోలేదు.

"ఆ బూట్లు మీవా?" అని రాసింది.

"నావేనండీ. మీరు గుంపులో పెట్టిన బకెట్ ఫోటోలో వెనక కాలిన మోడు చూసి గుర్తుపట్టాను. చోటు గురించి మాట్లాడకూడదు కదా, అందుకే గాలి గురించి అడుగుతూ వచ్చాను. మూడేళ్ళ కిందట నా కాలు తీసేశారు. ఇప్పుడు ఔలు పట్నంలో, మూడో అంతస్తులో ఉంటున్నాను. కిటికీలోంచి చూస్తే కార్లు తప్ప ఏమీ కనబడవు."

సైమికి ఒళ్ళు మండింది. "ముప్ఫై ఏళ్ళు నా పళ్ళు ఏరుకున్నారన్నమాట!"

"అంతకు ముందు నుంచే. ఎర్ర రుమాలు కట్టుకుని ఒక పెద్దావిడ వచ్చేది, మీ అమ్మగారే అయ్యుంటారు. ఆవిడ పడమటి పక్క ముట్టేది కాదు, నేను తూర్పు పక్క ముట్టేవాణ్ణి కాదు. ఒక్క మాటా అనుకోలేదు, అలా కుదిరిపోయింది. తర్వాత మీరొచ్చారు. తూర్పు పక్క మీకూ వదిలేశాను."

సైమి ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివింది. ముప్ఫై ఏళ్ళు పరిగెత్తి గెలిచాననుకున్న పక్క అది. పోటీకి అక్కడెవరూ లేనే లేరు. వాడి చేతులు పడిపోవాలని ఎన్నిసార్లు అనుకుందో గుర్తొచ్చి, మనిషి సిగ్గుతో చచ్చిపోయింది.

ఆదివారం గుంపులో రెండు ముక్కలు రాసింది: "నేను ఒప్పుకోను." ఎందుకని వేయ్కో అడగలేదు, అడిగే మొహం లేదు.

సోమవారం భుజాన కొత్త పలక వేసుకుని వెళ్ళి, పుచ్చిన పలక తీసి దాని చోట వేసింది. పడమటి పక్క ఒక బకెట్ నిండా ఏరింది. ఇంటికొచ్చి కాకికి రాసింది.

"గాలి ఉత్తరం నుంచి. ఎండ వీపు మీద. పలక మార్చాను. పడమటి పక్క మీ బకెట్ నిండింది. మన గుంపులో చోటు అడగకూడదు. అయినా అడుగుతున్నాను, ఔలులో ఎక్కడ?"