కడియం ఇందుమతి, కాలిపోయిన అడవి

ఐర్లండులో రింగాస్కిడీ అనే ఊళ్ళో ఒక మందుల ఫ్యాక్టరీలో 2004 వేసవిలో పదివేల మొక్కల పండగ జరిగింది. క్యాంటీన్‌లో పచ్చ ఐసింగ్ కేకు కోశారు. గోడకి ఇత్తడి పలక బిగించారు. మొక్కలు మాత్రం ఎక్కడో ఇండోనేషియాలో, కలిమంతాన్ చిత్తడి అడవిలో నాటించారు. అక్కడ వరి పండిద్దామని ఎవరో మహానుభావులు కాలువలు తవ్వి నీళ్ళన్నీ బయటికి పంపేశారు. వేల ఏళ్ళుగా ఆకులూ వేళ్ళూ కుళ్ళీ కుళ్ళక పేరుకున్న నల్లటి నేల ఎండి, అంటుకుని, నెలల తరబడి లోలోపలే కాలింది. ఐర్లండు వాళ్ళు అలాంటి నేలనే ఇటుకల్లా కోసి చలిమంట వేసుకుంటారు. కేకు కోసిన మేనేజర్ ఫింటన్ ఇంట్లో కూడా అదే మంట.

ఇందుమతి ఆ ఫ్యాక్టరీ లాబ్‌లో మాత్రలు పరీక్షించేది. కడియంలో నర్సరీ వాళ్ళమ్మాయి, బోటనీ ఎమ్మెస్సీ. కేకు తింటూ గోడ మీది ఫోటో చూసి ఆగిపోయింది.

"ఇవి ఆ అడవి చెట్లు కావు. ఆస్ట్రేలియా తుమ్మ" అంది ఫింటన్‌తో.

"చెట్టు చెట్టే కదా ఇందూ! గ్రాండ్!" అన్నాడాయన.

ఫింటన్ చెడ్డవాడేం కాదు. ఆ రోజుల్లో అందరిలాగే కళ్ళతో చూడకుండా బల్గేరియాలో ఫ్లాటు కొన్నాడు. అలాంటివాడు చూడకుండా అడవి కొనడంలో వింతేముంది?

నెల తిరక్కుండా కబురు పెట్టాడు. వార్షిక నివేదికకి మొక్కల మధ్య నిలబడిన ఉద్యోగి ఫోటో కావాలట. "నువ్వే వెళ్ళు. ఆ వేడి నీకు అలవాటే. చీర కట్టుకో." ఆయన లెక్కలో కడియానికీ కలిమంతాన్‌కీ మధ్య ఆర్టీసీ బస్సు నడుస్తుంది.

"నవ్వుతూ ఫోటో దిగి వచ్చెయ్యవే. అక్కడ నీ బోటనీ తియ్యకు. నీ వర్క్ పర్మిట్ వాళ్ళ చేతిలో ఉంది" అన్నాడు భర్త అనంతరామ్.

వెళ్ళింది. ఫోటో దిగింది. ఆ తర్వాత కుచ్చిళ్ళు పైకి దోపుకుని రోజున్నర నడిచి, మొక్కకొకటి చొప్పున పాతిన కర్రలు వెయ్యి లెక్కపెట్టింది. ప్రతి కర్రకీ కంపెనీ పేరున్న ప్లాస్టిక్ చీటీ ఉంది. కర్ర పక్కన మొక్క బతికున్నవి ముప్ఫై ఎనిమిది. చచ్చిన మొక్క అంటగట్టామని తెలిస్తే ఆమె తండ్రికి రెండు రోజులు అన్నం సయించేది కాదు. ఆ చీటీల మధ్య నిలబడితే ఇందుమతికి తల కొట్టేసినట్టయింది.

దగ్గరి ఊళ్ళో నారు పెంచే ముసలావిడ దుబాసీ ద్వారా చెప్పింది. "కాలువ అలా వదిలేస్తే ఏం నాటినా ఎండాకాలం మాడి చస్తుంది. వానాకాలం పల్లంలో పెట్టింది మునిగి చస్తుంది. ముందు కాలువకి అడ్డుకట్ట వెయ్యండి." ఆవిడ ఇంటి వెనక ఆ అడవి చెట్టు జెలుతుంగ్ నారు వరసగా ఉంది. మెల్లిగా పెరుగుతుందని ఎవరూ కొనలేదట.

తిరిగొచ్చాక స్టాఫ్ మీటింగు. హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఫింటన్ తెర మీద చీర ఫోటో వేశాడు. ఎండిన కర్రలు కనబడకుండా అంచులు కత్తిరించి ఉంది. పెద్దావిడ మర్యాదకి అడిగింది, ఎలా ఉంది అక్కడ అని.

గ్రాండ్ అంటే సరిపోయేది. ఇందుమతి లేచి నిలబడింది. "వెయ్యి లెక్కపెట్టానండి. ముప్ఫై ఎనిమిది బతికున్నాయి. అందులో ఆ అడవిది ఒక్కటీ లేదు."

"ఇందుకి హాస్యం ఎక్కువ" అన్నాడు ఫింటన్. ఎవరూ నవ్వలేదు.

"మరి ఏం చెయ్యాలి?" అంది పెద్దావిడ.

"ముందు కాలువలకి అడ్డుకట్టలు. తర్వాత అక్కడి నారే, కొద్దికొద్దిగా, మట్టి దిబ్బల మీద."

"అడ్డుకట్టా? బురదలో నాలుగు చెక్కలు! దాన్ని ఫోటో ఎలా తీస్తాం?" అని ఫింటన్ నిజంగానే బాధపడ్డాడు.

పెద్దావిడకి కంపెనీ పరువు ముఖ్యం. చెక్కలు పడ్డాయి. కాలువలో నీళ్ళు నిలిచాయి, నేల తడిసింది. ముసలావిడ నారు ఆరువందలు నాటారు. రెండేళ్ళకి నాలుగువందల పై చిలుకు నిలబడ్డాయి. ఈలోగా ఇందుమతిని లాబ్ నుంచి తీసేసి పాత శాంపిళ్ళ గదిలో పడేశారు. అనంతరామ్ నాలుగు రోజులు 'చెప్తే విన్నావా' అని సణిగాడు. అయిదో రోజు, "ఇంతకీ ఆ జెలుతుంగ్ ఎంతెత్తు పెరుగుతుందే?" అన్నాడు.

2007లో ఆ అడవికి డబ్లిన్‌లో ఒక అవార్డొచ్చింది. ఫింటన్ అందుకున్నాడు. అడ్డుకట్టల ఆలోచన తనకి ఎలా తట్టిందో పావుగంట చెప్పాడు. ఇందుమతికి పిలుపు రాలేదు. అప్పటికే ఆమె చిత్తడి నేలల మీద పరిశోధన చెయ్యడానికి లిమరిక్ యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకుంది. పీడ విరగడవుతుందని ఫింటన్ సిఫారసు ఉత్తరం వెంటనే ఇచ్చాడు. అందులో, 'ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి' అని రాశాడు.

సీటొచ్చింది.