పాము సినిమాకు చెప్పులు విడిచిన రోజు

పోయిన ఆదివారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు పక్క వాటాలో ఎవరో కర్పూరం వెలిగించారు. ఆ వాసన కిటికీలోంచి రాగానే, జవాబు పత్రాలు దిద్దుతున్న నేను ఎర్ర కలానికి మూత పెట్టి, తలుపు గడియ వేసి, చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని, ఫోనులో ఒక పాము సినిమా పెట్టుకున్నాను. ఇబ్రహీంపట్నంలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం బోధించే నేను, గురుత్వాకర్షణను లక్ష్యపెట్టక గాలిలో ఎగిరే నిమ్మకాయలను చూసి ఆనందిస్తానని మా స్టాఫ్‌రూములో ఇంతవరకు ఎవరికీ తెలియదు. ఇష్టమైన సినిమా ఏదని అడిగితే, బహుమతులు పొందిన ఒక బెంగాలీ చిత్రం పేరు చెబుతాను. దానిని నేను సగం కూడా చూడలేదు.

ఈ బలహీనత నాకు నాయనమ్మ వల్ల వచ్చింది. అప్పట్లో మేము భవానీపురంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. తాతగారి కాలం వరకు మాది మగ్గం నేసిన కుటుంబం. నాన్న మగ్గం వదిలి వన్‌టౌన్‌లో ఒక టోకు బట్టల కొట్టులో గుమాస్తాగా చేరారు. మగ్గం పోయినా మా ఇంట్లో దారం పోలేదు. చిరిగిన గొడుగు, తెగిన పుస్తకాల సంచి, ఊడిన చెప్పు పట్టీ, ఏదైనా సరే నాయనమ్మ దాచుకున్న పట్టుపోగులతో కుట్టి, మగ్గం మీద తెగిన పోగులను కలిపే ముడి వేసి, నోటితో తడిపి బిగించేది.

ముగ్గురు ఆడపిల్లల్లో నేను పెద్దదాన్ని. నేను పదో తరగతికి వచ్చిన ఏడు, నాన్న నన్ను దేవుడి పటాల ముందు నిలబెట్టి, "మన ఇంటావంటా పది దాటినోళ్ళు లేరు. నువ్వు దాటాలి. పరీక్షలయ్యేదాకా సినిమా అన్నావంటే పదితోనే ఆపేస్తా. నేనూ చూడను, ఒట్టు" అన్నారు. ఇంటరులో చేరాలని నాకెంత ఆశంటే, కాలేజీ పిల్లలు ఎక్కే సిటీ బస్సు వెళ్తుంటే కండక్టరు పిలుపు కూడా వల్లెవేసేదాన్ని. కాబట్టి నేనూ ఒట్టు పెట్టాను.

కార్తీకం వచ్చింది. చలికి కృష్ణ మీద నుంచి పొగమంచు మా వీధిదాకా పాకేది. ఇంట్లో చలిమిడి పచ్చి వాసన, నువ్వుల చిమ్మిలి దంచిన రోటి నూనె వాసన కలిసిపోయేవి. నాగుల చవితి నాడు ఏటిగట్టు పుట్టలో పాలు పోసి తిరిగి వస్తూ, నాయనమ్మ ఇంటి దారి వదిలి సినిమా హాలు దారి పట్టింది.

"నాన్నకి ఒట్టేశాను కదా, నాయనమ్మా."

"సినిమా చూడొద్దన్నాడు. ఇది అమ్మవారి మహిమే. పుట్టలో పాముకి పాలు పోస్తే పుణ్యం, తెర మీద పాముని చూస్తే పాపమా?"

ఆ హాలు గుమ్మంలో వేపమండల పందిరి వేసి, సిమెంటు పుట్ట కట్టి, దానికి పసుపు పూశారు. గుడికి వెళ్ళినట్టే జనం చెప్పులు బయట గుట్టగా విడిచి లోపలికి వెళ్తున్నారు. మేమూ విడిచాము. సినిమాలో అత్తగారు కోడలికి విషం పెడితే పాము వచ్చి గిన్నెలు మార్చింది; దొంగ సాక్ష్యాలతో కోడలిని కోర్టుకీడిస్తే తాను సాక్ష్యం చెప్పడానికి రిక్షా ఎక్కి బయలుదేరింది. పామును లాగే దారం స్పష్టంగా కనిపించింది.

"నైలాను," అంది నాయనమ్మ చిమ్మిలి నములుతూ. "నూలు పోగైతే కనపడేది కాదు."

విశ్రాంతి సమయంలో మంచినీళ్ళకని బయటికి వచ్చినప్పుడు, చెప్పుల గుట్ట అంచున ఒక మగవాళ్ళ జత కనిపించింది. ఎడమ పట్టీకి వంగపండు రంగు పట్టుపోగుతో కుట్టు, దాని మీద ముడి. నాయనమ్మ వంగి చూసి, "ముడి నాదే," అంది. "కొట్లో ఉండాల్సినోడికి ఇక్కడేం పనీ?"

"వెళ్ళిపోదాం, నాయనమ్మా. చూస్తే నా చదువు ఆపేస్తారు."

"పాము ఇంకా కోర్టుకి చేరలేదే."

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నా ఇంటరు మొత్తం ఆ క్షణంలో ఊగిసలాడుతున్నదని తెలిసి కూడా, పాము ఏం సాక్ష్యం చెబుతుందో చూడకుండా ఉండలేక, నా కాళ్ళతో నేనే లోపలికి నడిచాను.

పాము బోనెక్కి పడగ విప్పింది. జడ్జిగారు లేచి నిలబడి నమస్కరించారు. హాలువాళ్ళు పళ్ళెంలో కర్పూరం వెలిగించి వరుసల మధ్య తిప్పారు. రెండు వరుసల ముందు ఒక మనిషి హారతి కళ్ళకద్దుకుంటూ వెనక్కి తిరిగారు. నాన్న. కళ్ళనిండా నీళ్ళు, తుడుచుకోవడానికి చేతిలో కొట్టులోని నమూనా గుడ్డముక్క. నన్ను చూసి చేయి అలాగే ఆగిపోయింది.

అప్పుడే నాయనమ్మకు పూనకం వచ్చింది. జుట్టు విప్పుకొని ఊగుతూ, "నేనేరా పిలిచింది. నిన్నూ పిలిచా, నీ కూతుర్నీ పిలిచా. దాన్నేమన్నా అన్నావో," అంది. నాన్న రెండు చేతులూ జోడించి, "తప్పయిపోయింది తల్లీ," అన్నారు. పక్క సీటావిడ నాయనమ్మ కాళ్ళ మీద పడి, మా అల్లుడికి బదిలీ ఎప్పుడవుద్దమ్మా అని అడిగింది.

"కోర్టు సీను అయ్యాక చెప్తా," అన్నది అమ్మవారు.

తిరిగి వస్తున్నప్పుడు నాన్న మాకంటే ముందు నడిచారు. మా వీధి మలుపులో ఆయన నడక తగ్గించారు.

"జడ్జి లేచి నిలబడ్డం బాగుంది కదమ్మా."

"దారం కనపడింది, నాన్నా."

"నైలానులే." మరో నాలుగడుగులు వేశాక, తల వంచుకొని, "పదితో ఆపేస్తానన్నా. ఒట్టు తప్పినోడికి ఇంకోళ్ళని ఆపే హక్కు లేదు. ఆ మాట ఇంక లేదనుకో," అన్నారు.

ఇప్పుడా హాలు స్థానంలో అపార్టుమెంటు లేచింది. మాల్‌లో సినిమాకు ఎవరూ చెప్పులు విడవరు, చిమ్మిలి లోపలికి రానివ్వరు. పాములను కంప్యూటరులో చేస్తున్నారు, దారం కనిపించదు. నాయనమ్మ పోయింది. ఆ పూనకం నిజమా అని ఆమెను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ నన్నే ఎదురు అడిగింది, నీకేమనిపించిందని.

ఆ చవితి తరువాత చదువు ఆపేస్తాననే మాట నాన్న నాతోనే కాదు, చెల్లెళ్ళతోనూ అనలేదు. మేము ముగ్గురమూ డిగ్రీ పూర్తి చేశాము.